హన్మకొండ నుంచి పరకాల, రోజూ 70 కి.మీ.: ఎలక్ట్రిక్ బండి కొనాలా, పెట్రోల్ బండే మేలా?

పరకాల రూట్ | హన్మకొండ

నమస్తే అందరికీ. గోపాలపూర్‌లో కిరాయికి ఉంటున్నాం, రెండో అంతస్తు. నా డ్యూటీ పరకాలలో, ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. పోను రాను 70 కిలోమీటర్లు, ఆదివారం ఒక్కటే సెలవు. ఇప్పుడున్న 100 సీసీ బండి బాగా పాతబడింది, ఇంజిన్‌కు రిపేరు పని పడిందని మెకానిక్ అన్నాడు. దాని మీద మళ్లీ డబ్బులు పెట్టే బదులు కొత్తది తీసుకుందామని ఇంట్లో అనుకుంటున్నాం.

నెలకు పెట్రోల్‌కే మూడు వేలు దాటుతోంది. ఎలక్ట్రిక్ తీసుకుంటే ఆ ఖర్చు తప్పుతుందని ఆఫీసులో ఒకరంటారు. పరకాల పోయి రావడానికి చార్జింగ్ సరిపోదు, మధ్యలో ఆగిపోతావని ఇంకొకరంటారు. షోరూంలో అడిగితే ఒక్క చార్జింగ్‌కు 140 వస్తుందని చెప్తున్నారు. పరకాల, నర్సంపేట, హుజూరాబాద్ లాంటి దూరం రోజూ ఎలక్ట్రిక్ మీద తిరిగేవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. బడ్జెట్ లక్షా ఇరవై వేల దాకా.

కాజీపేట 506003

తమ్మీ, నా మాట విను, పెట్రోల్ బండే తీసుకో. ఎలక్ట్రిక్ మీద నాకేం కోపం లేదు. నువ్వు చెప్పిన రోడ్డు వల్ల అంటున్నాను. ములుగు రోడ్డు మీద గూడెప్పాడ్ దాకా ఒక లెక్క, అక్కడ పరకాల వైపు తిరిగాక ఇంకో లెక్క. భూపాలపల్లి వైపు నుంచి లారీలు వస్తూనే ఉంటాయి. 100 సీసీ మోటార్‌సైకిల్‌కు 17, 18 అంగుళాల చక్రాలు. స్కూటర్లకు ఎక్కువగా 12 అంగుళాలే. గుంతలో పడ్డప్పుడు, లారీ పక్కనుంచి పోతూ గాలి కొట్టినప్పుడు ఆ తేడా చేతులకు తెలుస్తుంది.

ధర కూడా చూడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు పెట్రోల్ బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ముందున్నంత బరువు లేదు. ట్యాంక్ ఫుల్ చేస్తే వారం గడుస్తుంది, ఏ టెన్షన్ లేదు.

సబ్ సెంటర్ డ్యూటీ | వరంగల్

నేను ఎలక్ట్రిక్ స్కూటర్ నడుపుతున్నాను. 3 కిలోవాట్ అవర్ (అంటే 3 యూనిట్ల కరెంటు) పైబడిన బ్యాటరీ. గీసుగొండ, సంగెం వైపు ఊర్లు తిరిగే ఉద్యోగం, రోజుకు 40 దాకా అవుతుంది. మీ అంత దూరం కాదు కానీ రేంజ్ (ఒక్క చార్జింగ్‌కు వచ్చే దూరం) సంగతి నాకు బాగా తెలుసు.

షోరూంలో చెప్పే అంకె టెస్టింగ్‌లో వచ్చేది. మన రోడ్డు మీద అందులో 70 శాతం వస్తే మంచిదే. అది కూడా స్పీడును బట్టి మారుతుంది. 40, 45లో పోతే కిలోమీటరుకు 25 వాట్ అవర్ దగ్గర ఖర్చవుతుంది. 60 దాటించి పట్టుకుంటే 35 మీదికి పోతుంది. స్క్రీన్ మీద ఆ అంకె ఎప్పటికప్పుడు కనబడుతుంది, చూస్తూ నడిపితే చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది. ఎదురుగాలి ఉన్నా, వెనక మనిషి కూర్చున్నా ఇంకొంచెం పోతుంది. పెట్రోల్ బండికీ ఇదే వర్తిస్తుంది, కాకపోతే అక్కడ ఎవరూ చూసుకోరు.

కోతల టైంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, అంచుకు రాళ్లు పెడతారు. పొద్దుగూకినాక అవి కనబడవు. పైగా మన బండికి చప్పుడు ఉండదు. వడ్లు ఆరబోస్తూ వంగి ఉన్నవాళ్లకు, బర్లకు మనం వస్తున్నట్టు తెలియదు. నేను దూరం నుంచే హారన్ కొడతాను. ఎలక్ట్రిక్ కొన్నవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

గిర్మాజీపేట మెకానిక్

నేను పెట్రోల్ బండ్ల మీద బతికేవాణ్ణి, అయినా ఉన్నమాట చెప్తాను. రోజుకు 70 అంటే నెలకు 1,750, ఏడాదికి 21 వేల కిలోమీటర్లు. మామూలుగా ఊర్లో తిరిగేవాళ్లు రెండు మూడేళ్లలో తిరిగేది నువ్వు ఒక్క ఏడాదిలో తిరుగుతావు. మూడు వేల కిలోమీటర్లకు ఒకసారి ఇంజిన్ ఆయిల్ మార్చాలంటే ఏడాదికి ఏడుసార్లు. చైన్ స్ప్రాకెట్ సెట్ దాదాపు ఏడాదికొకటి. మధ్యలో క్లచ్ ప్లేట్లు, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు. ఎలక్ట్రిక్‌లో ఇవేవీ లేవు. బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, హ్యాండిల్ కోన్ సెట్, బేరింగులు రెంటికీ ఉంటాయి.

అయితే ఎలక్ట్రిక్‌లో మోటార్‌ను నడిపించే కంట్రోలర్ పోయినా, సాఫ్ట్‌వేర్ మొండికేసినా నాలాంటివాడు ఏం చేయలేడు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకుపోవాలి. పార్టు వచ్చేదాకా బండి అక్కడే. నా దగ్గరికి వచ్చే ఒకాయన బండి అట్లనే చాలా రోజులు ఆగింది, ఆయన బస్సులో తిరిగాడు. కాబట్టి బండి చూసే ముందు సర్వీస్ సెంటర్‌కు పో. లోపల ఎన్ని బండ్లు ఆగి ఉన్నాయి, ఎన్నాళ్ల నుంచి ఉన్నాయి, అక్కడికి వచ్చిన కస్టమర్లనే అడుగు. షోరూం ఏసీలో కూర్చుంటే తెలియని సంగతి అక్కడ తెలుస్తుంది.

ఇంకో మాట. పెట్రోల్ బండి ఎక్కడైనా బాగవుతుందనేది పాత మాట. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ రూల్స్ వచ్చినప్పటి నుంచి ఇంజెక్టర్లు, సెన్సార్లు వచ్చాయి. రోడ్డు పక్కన కార్బొరేటర్ విప్పి తుడిచే రోజులు పోయాయి.

కరెంటు ఆఫీస్ రిటైర్డ్ | హన్మకొండ

మన కరెంటు సంస్థ ఎన్పీడీసీఎల్‌లో చేసి రిటైర్ అయ్యాను. బాబూ, నువ్వు రెండో అంతస్తు అన్నావు చూడు, అసలు ప్రశ్న అక్కడుంది. బండి కింద ఉంటుంది. కింద ప్లగ్గు ఎవరి మీటర్‌ది? ఇంటి ఓనర్‌దైతే నెలనెలా మాట వస్తుంది. నెలకు ఎన్ని యూనిట్లు వాడతారు, గృహజ్యోతి ఉచిత కరెంటు వస్తుందా, ఈ రెండూ చెప్పు. తర్వాత లెక్క వేద్దాం.

పరకాల రూట్

సార్, తెల్ల రేషన్ కార్డు ఉంది, గృహజ్యోతి వస్తుంది. నెలకు 150 యూనిట్ల దగ్గర వాడతాం, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఇప్పుడు జీరో బిల్లే. బండి చార్జింగ్ పెడితే ఏమవుతుందో నాకు తట్టనేలేదు.

కరెంటు ఆఫీస్ రిటైర్డ్

అదే అడిగాను. 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. 201 అయితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి, పైనున్న ఒక్క యూనిట్‌కు కాదు. 200 దాటిన ఇంటికి స్లాబు కూడా మారుతుంది: మొదటి 200 యూనిట్లకు యూనిట్ 5 రూపాయల 10 పైసలు, తర్వాత 300 దాకా 7 రూపాయల 70 పైసలు.

నీ బండికి గోడ దగ్గర చార్జర్ నష్టం కూడా కలిపి కిలోమీటరుకు 37 వాట్ అవర్ అనుకో, వెయ్యి వాట్ అవర్ ఒక యూనిట్. 1,750 కిలోమీటర్లకు 65 యూనిట్లు. 150 మీద 65 కలిపితే 215. అప్పుడు 200 యూనిట్లకు 1,020, మిగిలిన 15కు 115, మొత్తం 1,135. ఫిక్స్‌డ్ చార్జి, కరెంటు సుంకం కలిపితే 1,200 దగ్గర తేలుతుంది. అంటే నీ బండి కరెంటు ఖర్చు వందల్లో కాదు, జీరో బిల్లు పోవడంతో కలిపి 1,200. షోరూంలో ఈ లెక్క ఎవరూ చెప్పరు.

పెట్రోల్ లెక్క కూడా వేసుకో. లీటరుకు 60 వచ్చినా 29 లీటర్లు. మన దగ్గర లీటరు 107 పైనే, అంటే 3,100. జీరో బిల్లు పోయినా నెలకు 1,900 మిగులుతాయి. రోజూ సగం చార్జింగ్ పరకాలలో పెట్టుకోగలిగితే ఇంట్లో 32 యూనిట్లే పడతాయి, 182 దగ్గర ఆగుతుంది, జీరో బిల్లు నిలబడుతుంది. ఎండాకాలం కూలర్ నడిచే నెలల్లో ఎట్లాగూ 200 దాటుతావేమో, అది వేరే సంగతి.

లెక్కల సార్ | నర్సంపేట

రిటైర్డ్ సార్ కరెంటు లెక్క బాగా చెప్పారు. నేను వారంటీ లెక్క చెప్తాను, ఎందుకంటే నేనూ వరంగల్ నుంచి నర్సంపేటకు ఎలక్ట్రిక్ మీద వచ్చిపోతున్నాను.

బ్యాటరీ వారంటీ ఎప్పుడూ ఏళ్లు లేదా కిలోమీటర్లు, ఏది ముందైతే అది. 3 ఏళ్లు లేదా 50 వేల కిలోమీటర్లు అని రాసి ఉంటే, ఏడాదికి 21 వేలు తిరిగే మనిషికి అది రెండున్నర ఏళ్లలోపే అయిపోతుంది. కొన్ని కంపెనీలు ఇంకొంత కడితే 8 ఏళ్లు లేదా 80 వేల కిలోమీటర్ల దాకా ఇస్తున్నాయి, బ్యాటరీ సత్తువ 70 శాతం కంటే తగ్గదని హామీతో. మీకు ఆ 8 ఏళ్లు అక్కరకు రావు, 80 వేలు నాలుగేళ్లలోపే నిండుతాయి. అయినా ఆ పైకం కట్టి తీసుకోండి. రోజూ దూరం తిరిగేవాళ్లకే దానితో పని.

రేంజ్ కూడా కొన్న రోజుది కాదు, నాలుగో ఏడాదిది చూడాలి. కొత్తలో నిజంగా 90 ఇచ్చే బండి, బ్యాటరీ సత్తువ 80 శాతానికి వచ్చేసరికి 72 ఇస్తుంది. మీ దారి 70. వాన పడ్డ రోజు, గూడెప్పాడ్ దగ్గర రోడ్డు మళ్లించిన రోజు, మధ్యలో ఎవరినైనా ఆసుపత్రిలో చూసి రావాల్సిన రోజు ఆ రెండు కిలోమీటర్లు ఏ మూలకూ చాలవు. కాబట్టి 2 కిలోవాట్ అవర్ దగ్గరున్న చిన్న బ్యాటరీ మోడళ్లు మీకు వద్దే వద్దు, ధర తక్కువని ఆశపడొద్దు. 3 నుంచి 3.5 ఉన్నది తీసుకుని, ఆఫీసులో ప్లగ్గు సంపాదించుకోండి. ఆఫీసులో ప్లగ్గు లేదంటే నేనైతే ఈ దూరానికి ఎలక్ట్రిక్ చెప్పను.

మిగిలే డబ్బు సంగతి: నెలకు 1,900 అంటే నాలుగేళ్లకు 90 వేలు. దాని మీద ఆయిల్, చైన్ ఖర్చులు వేరే. బ్యాటరీ మార్చాల్సి వచ్చినా అందులోంచే పోతుంది. ఇదే బండి రోజుకు 10 కిలోమీటర్లు తిరిగేవాడు కొంటే ఆ తేడా రావడానికి ఏళ్లు పడుతుంది. ఎక్కువ తిరిగేవాడికే లాభం, రేంజ్ భయం కూడా వాడికే. అందుకే ప్లగ్గు, ప్లగ్గు అంటున్నాను.

ఖని షిఫ్ట్ | గోదావరిఖని

మా దగ్గర ఎండల గురించి చెప్పనక్కర్లేదు, రామగుండంలో 45 దాటే రోజులుంటాయి. రెండు సంగతులు గుర్తు పెట్టుకోండి. ఎండలో నడిపి వచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టొద్దు, గంటసేపు నీడలో చల్లారనివ్వాలి. బ్యాటరీ వేడెక్కితే బండి తనంతట తాను పవర్ తగ్గిస్తుంది, అది రిపేరు కాదు, కాపాడుకోవడం. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ సెల్స్ ఉన్న మోడల్ దొరికితే వేడికి, ఎక్కువసార్లు చార్జింగ్ పెట్టడానికి అది మెరుగు, కాకపోతే అదే బరువుకు రేంజ్ కొంచెం తక్కువ.

బ్యాటరీ తీసుకుపోయి ఇంట్లో చార్జింగ్ పెట్టే మోడల్ గురించి కూడా ఆలోచిస్తారు కదా, రెండో అంతస్తు కాబట్టి. విడా స్కూటర్ లాంటివాటిలో ఆ సౌకర్యం ఉంది. కానీ రాత్రి పడుకునే గదిలో పెట్టొద్దు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. ఆ ఏడాది జరిగిన ప్రమాదాల తర్వాతే ఏఐఎస్-156 అని బ్యాటరీ రూల్స్ గట్టిగా చేశారు, 2023 మార్చి 31 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చాయి. సెకండ్ హ్యాండ్‌లో అంతకు ముందు తయారైన బండి చవకగా వస్తే మాత్రం తీసుకోకండి.

సైకిల్ మాస్టారు | నక్కలగుట్ట

పరకాలకు కాదు గానీ, ఈ చర్చ చదివే సిటీవాళ్ల కోసం ఒక మాట. కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దాకా తిరిగేవాళ్లకు ఎలక్ట్రిక్ సైకిల్ చాలు. 250 వాట్ మోటార్, గంటకు 25 కిలోమీటర్లు దాటనిదైతే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు. బ్యాటరీ అయిపోయినా తొక్కుకుంటూ ఇంటికి రావచ్చు.

కాజీపేట 506003

అందరూ లెక్కలు బాగానే వేశారు, ఒప్పుకుంటాను. నా భయం రోజూ తిరిగే దారి గురించి కాదు. మేడారం జాతరకు పోవాలంటే? అర్ధరాత్రి ఊరి నుంచి ఫోన్ వస్తే? 20 శాతం చార్జింగ్ ఉన్న బండి వేసుకుని ఎటు పోతాం? పెట్రోల్ ఎక్కడైనా బాటిల్‌లోనన్నా దొరుకుతుంది.

వానాకాలం కూడా చూడండి. 2023 జులైలో, మళ్లీ 2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకు వరంగల్‌లో కాలనీలకు కాలనీలు మునిగాయి. కింద పార్కింగ్‌లో పెట్టిన ఎలక్ట్రిక్ బండి సంగతేంటి?

గిర్మాజీపేట మెకానిక్

అన్నా, ఆ నీళ్లల్లో మునిగిన పెట్రోల్ బండ్లు కూడా నా దగ్గరికి వచ్చాయి. ఎయిర్ ఫిల్టర్‌లోంచి ఇంజిన్‌లోకి నీళ్లు పోయినాక స్టార్ట్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. రెండు వేలల్లో పోయేది పది వేలవుతుంది. ఎలక్ట్రిక్‌లో మోటార్‌కు, బ్యాటరీకి ఐపీ67 అని రాస్తారు. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట పెట్టి చూసిన పరీక్ష, రాత్రంతా మునిగి ఉండడానికి కాదు. మునిగితే చార్జింగ్ పెట్టకుండా, స్విచ్ వేయకుండా ట్రాలీ మీద సర్వీస్ సెంటర్‌కు పంపాలి. ఏ బండైనా సరే, ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకుంటే వరద నష్టానికి పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

సబ్ సెంటర్ డ్యూటీ

పరకాల రూట్ తమ్ముడూ, ఇప్పటిదాకా ఎవరూ అడగని మాట అడుగుతున్నాను. ఇంట్లో మీ ఆవిడ బండి నడుపుతారా? గేర్ బండి ఉన్నన్నాళ్లు మా ఇంట్లో ప్రతి పనికీ ఆయన రావాల్సి వచ్చేది. స్కూటర్ వచ్చాక పిల్లల స్కూలు, రేషన్ షాపు, మా అమ్మను ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోవడం అన్నీ నేనే చూసుకుంటున్నాను. 70 కిలోమీటర్లు తిరిగి వచ్చిన బండి సాయంత్రం ఆమెకు కూడా కావాలంటే చార్జింగ్ లెక్క మారుతుంది, అది కూడా కలుపుకోండి.

మేడారం మాటకు వస్తే, రెండేళ్లకోసారి వచ్చే జాతర కోసం రోజూ వాడే బండిని ఎంచుకోం కదా. జాతరకు ఆర్టీసీ ఎన్ని బస్సులు వేస్తుందో మనకు తెలుసు. అర్ధరాత్రి ఫోన్ మాటకు మాత్రం నా దగ్గర ఒకటే జవాబు: పాత బండి అమ్మొద్దు.

లెక్కల సార్

అక్క చెప్పిన చివరి మాట దగ్గర ఆగండి. పాత బండిని ఎక్స్‌చేంజ్‌కు ఇస్తే ఎంత ఇస్తారు? ఇంజిన్ పని ఉందని తెలిస్తే ఇంకా కోస్తారు. దాన్ని నడిచే స్థితిలో ఇంట్లో ఉంచుకుంటే, అత్యవసరానికి, ఊరికి పోవడానికి ఉంటుంది. ఎలక్ట్రిక్ బండి సర్వీస్ సెంటర్‌లో ఇరుక్కున్న రోజుల్లో డ్యూటీకి కూడా అదే.

డబ్బు మాట ఇంకోటి. మన రాష్ట్రంలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. 2024 నవంబర్‌లో జీవో ఎంఎస్ 41 ఇచ్చారు, 2026 డిసెంబర్ 31 దాకా ఉంటుంది. 80 వేల పెట్రోల్ బండికి 12 శాతం అంటే 9,600 రోడ్ ట్యాక్స్ కట్టాలి. షోరూంవాళ్లు కొటేషన్ ఇచ్చినప్పుడు రిజిస్ట్రేషన్ అని ఏదైనా పెద్ద అంకె వేస్తే, అది దేనికో రాసిమ్మనండి.

పరకాల రూట్

అందరికీ థాంక్స్. మీరు చెప్పినవి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను.

మా మేనేజర్‌ను అడిగాను. ఆఫీసు వెనక జనరేటర్ షెడ్డు పక్కన ప్లగ్గు ఉంది, పగలు పెట్టుకో, నెలకు కొంత కట్టు అన్నారు. అదొక పెద్ద భారం దిగింది. ఇంటి ఓనర్ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, కింద వైరు వేలాడుతుంటే పిల్లలకు ప్రమాదమంటున్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది.

సర్వీస్ సెంటర్లు రెండు చూశాను. ఒకదాని ముందు బండ్లు దుమ్ము పట్టి ఉన్నాయి, అక్కడి మనుషుల్ని అడిగి అటునుంచి అటే వచ్చేశాను. రెండో చోట టెస్ట్ రైడ్ పరకాల దాకా ఇస్తామన్నారు. ఫుల్ చార్జింగ్‌తో తీసుకుపోయి, నా మామూలు స్పీడులో పోయి వచ్చి, ఎంత మిగిలిందో చూస్తాను. మా ఆవిడ సిటీలో నడిపి చూస్తానంది. పాత బండి అమ్మడం లేదు. మెకానిక్ అన్నా, దాని ఇంజిన్ పని తక్కువలో ఎట్లా అవుతుందో ఒకసారి నీ దగ్గరికి తెస్తాను.

కరెంటు ఆఫీస్ రిటైర్డ్

ఓనర్‌కు ఇట్లా చెప్పు. అన్ని వాటాల మీటర్లు మెట్ల కింద బోర్డులోనే ఉంటాయి కదా, నీ మీటర్ కూడా అక్కడే. పైనుంచి వైరు దింపే పని లేదు. నీ మీటర్ తర్వాత విడిగా ఒక 16 ఆంప్స్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్), దానితో పాటు 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) పెట్టించు. అక్కడి నుంచి పైపులో 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, గోడకు నాలుగున్నర అడుగుల ఎత్తులో మూత ఉన్న సాకెట్. పిల్లలకు అందదు, వాన తగలదు, మునిగినా చాలాసేపు పైనే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం ఎప్పుడూ వాడొద్దు, ఎక్కువగా కాలేది అదే.

ముందు ఎర్తింగ్ చూపించు. పాత ఇళ్లల్లో మూడో పిన్నుకు వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్ ఫేజుకు, ఎర్త్‌కు మధ్య టెస్ట్ ల్యాంప్ పెడితే నిండుగా వెలగాలి. మసకగా వెలిగినా, వెలగకపోయినా కొత్త ఎర్త్ గుంత తీయించాలి. ఆ ఖర్చు నువ్వు పెట్టుకుంటానంటే ఓనర్ కాదనడు, ఇల్లంతటికీ మంచిది. కావాలంటే ఆదివారం నేను వచ్చి ఆయనతో మాట్లాడతాను, గోపాలపూర్ మాకు దగ్గరే.

పరకాల రూట్

తప్పకుండా రండి సార్, పది గంటల తర్వాత ఓనర్ ఇంట్లోనే ఉంటారు. అడ్రస్ మీకు విడిగా మెసేజ్ పెడుతున్నాను.